ఆ బిళ్ల పేరేంటి?

తణుకులో మా అమ్మావాళ్ల ఇంట్లో మందులన్నీ ఒక పాత బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంటాయి. రెండేళ్ల కిందట మే నెలలో ఒక రాత్రి, ఆ డబ్బాను ఆస్పత్రి బల్ల మీద బోర్లించాను. కత్తిరించిన షీటు ముక్కలు, మూడు కాగితం కవర్లు, విడిగా దొర్లుతున్న ఆరేడు బిళ్లలు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నాన్నను అడుగుతున్నాడు.

"మాస్టారూ, మోకాళ్ల నొప్పులకి ఏం వేసుకుంటున్నారు?"

"పచ్చ బిళ్ల బాబూ. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"పేరు?"

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. నాన్న ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. ఏ సంవత్సరం బ్యాచ్‌లో ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో ఇప్పటికీ చెబుతారు. అలాంటి మనిషికి తాను నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు మింగుతున్న మందు పేరు తెలియదు. నాకూ తెలియదు. వారానికి మూడుసార్లు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "మందులు వేసుకున్నావా నాన్నా?" అని అడిగేదాన్ని. ఏ మందులు అని ఒక్కసారీ అడగలేదు.

అప్పటికే ఆయన పాదాలు వాచిపోయాయి. రెండు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్. జనవరిలో 1.0 ఉన్నది ఆ రాత్రి 2.9 చూపించింది.

మర్నాడు మెడికల్ షాపుకి వెళ్లి ఆరా తీస్తే పచ్చ బిళ్లలో అసెక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసి ఉన్నాయని తెలిసింది. నొప్పి ఎక్కువైన రోజుల్లో వీధి చివర ఆరెంపీ దగ్గర ఇంజెక్షన్ కూడా చేయించుకున్నారట. అది డైక్లోఫెనాక్. అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఒకే జాతి మందులు, దగ్గరి చుట్టాలు. నాన్న లెక్కలో మాత్రం ఒకటి బిళ్ల, ఇంకోటి సూది. వీటికి తోడు ఎనిమిదేళ్లుగా వాడుతున్న బీపీ బిళ్ల ఉంది. దాని లోపల రెండు మందులున్నాయని కూడా ఆ రోజే తెలిసింది. టెల్మిసార్టాన్ ఒకటి, ఒంట్లోని నీటిని బయటికి పంపే హైడ్రోక్లోరోథయాజైడ్ ఇంకొకటి.

నొప్పి మందు, టెల్మిసార్టాన్, నీరు పోయే మందు, ఈ మూడూ కలిస్తే కిడ్నీలకి ఏమవుతుందో ఆ కుర్ర డాక్టరు నాన్నకి చెప్పిన తీరు నాకు గుర్తుండిపోయింది. అతనిదీ మా గోదావరి ప్రాంతమే. "మీకు పొలం ఉందా మాస్టారూ?" అని మొదలుపెట్టాడు. చేలో నీరు నిలవాలంటే పై తూములోంచి నీళ్లు రావాలి, కింది గండిలోంచి మరీ ఎక్కువ పోకూడదు. కిడ్నీలో జల్లెడ లాంటి చిన్న చిన్న ముడులుంటాయి. వాటిలోకి రక్తం ఒక సన్నని నాళంలోంచి వస్తుంది, ఇంకో నాళంలోంచి పోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పై తూము మూసుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. నొప్పిని, వాపును పుట్టించే పనిలోనూ వీటి చెయ్యి ఉంటుంది. నొప్పి బిళ్ల వాటి తయారీనే ఆపుతుంది. మోకాలి నొప్పి తగ్గుతుంది, కిడ్నీ పై తూము సన్నబడుతుంది. టెల్మిసార్టాన్ కింది గండిని వెడల్పు చేస్తుంది. రెండో మందు కాలవలో నీళ్లే తగ్గిస్తుంది. దానికి మే నెల ఎండ, చెమట, ఆకలి లేక సరిగా తినకపోవడం. ఇక చేలో నీరెక్కడుంటుంది?

విడివిడిగా చూస్తే మూడూ మంచి మందులే. బీపీ బిళ్ల ఎనిమిదేళ్లు నాన్న గుండెను కాపాడింది. నొప్పి బిళ్ల ఆయన్ని మళ్లీ మేడ మెట్లు ఎక్కించింది. వాటిని కలిపి చూసినవాళ్లు లేరు. బీపీ డాక్టరుకి పచ్చ బిళ్ల సంగతి తెలియదు. షాపతనికి బీపీ సంగతి తెలియదు. ఇద్దరికీ చెప్పగలిగింది నాన్న ఒక్కరే. చెప్పడానికి ఆయన దగ్గర పేర్లు లేవు.

మన ఇళ్లల్లో బిళ్లకి చాలా పేర్లుంటాయి. పచ్చది, గులాబీ రంగుది, పెద్ద పవర్‌ది, గ్యాస్ బిళ్ల, షుగర్ గోలీ, ఆ షాపువాడిచ్చేది, మొన్న తమ్ముడికి పనిచేసింది. దాని అసలు పేరు మాత్రం ఇంటి గడప దాటి లోపలికి రాదు. మామూలు మందుల వల్ల మన ఇళ్లల్లో జరిగే నష్టంలో పెద్ద భాగం ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. మందులు చెడ్డవని నేను అనడం లేదు. "ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, మానెయ్యండి" అని రాసేవాళ్ల జాబితాలో నన్ను చేర్చకండి. నేను అడిగేది ఒక్కటే: మనం మింగేదాని అసలు పేరు, లోపల ఎన్ని మిల్లీగ్రాములున్నాయో, అది మనకి తెలిసిన భాషలో మన చేతికి రావాలి.

పేరు మారినా మందు మారదన్న సంగతి రాబందుల కథలో ఉంది. 1990ల నుంచి మన దేశంలో రాబందులు వేగంగా తగ్గిపోయాయి. తెల్లవీపు రాబందులైతే వెయ్యికి ఒకటి మిగల్లేదు. ఏదో వైరస్ అనుకున్నారు, పురుగుమందులు అనుకున్నారు. చివరికి 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో కారణం బయటపడింది. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్! ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తింటే రాబందు కిడ్నీలు పాడై కొన్ని రోజుల్లోనే చచ్చిపోతుంది. 2006లో మన ప్రభుత్వం పశువులకి డైక్లోఫెనాక్ నిషేధించింది. అయినా మనుషుల కోసం తయారుచేసిన పెద్ద సీసాల్లోంచి తీసి పశువులకి వేస్తూనే ఉన్నారు. దాంతో 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను ఒక్క డోసుకు సరిపడే 3 మిల్లీలీటర్ల సీసాకు పరిమితం చేశారు. ఈలోగా పశువులకి అసెక్లోఫెనాక్ వచ్చింది. అది పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. దాన్ని నిషేధించేసరికి 2023 వచ్చింది. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకున్నాయని తెలిసినప్పుడు అటవీ శాఖవాళ్లు వాటిని కాపాడటానికి పడిన పాట్ల గురించి చదువుతుంటే నాకు మా పచ్చ బిళ్లే కళ్లముందు కదిలింది.

ఇక పారాసెటమాల్. ఇంత మంచి మందు ఇంకోటి లేదని నా అభిప్రాయం. జ్వరానికి, ఒళ్లు నొప్పులకి, గర్భిణులకి సైతం డాక్టర్లు ముందు రాసేది ఇదే. నాన్నకి ఇప్పుడు మోకాళ్లకి ఇస్తున్నదీ ఇదే. కానీ దీనికో గీత ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి ఇరవైనాలుగు గంటల్లో 4 గ్రాములు మించకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల బిళ్లలు ఆరు. బక్కగా ఉన్నవాళ్లకి, రోజూ తాగేవాళ్లకి, లివర్ జబ్బున్నవాళ్లకి ఇంకా తక్కువే. గీత దాటితే లివర్ దాన్ని విరిచేటప్పుడు ఒక విషపదార్థం పోగుపడుతుంది. దాన్ని అణచడానికి లివర్ దగ్గరున్న నిల్వ అయిపోతే లివర్ కణాలే చనిపోతాయి. మోసం ఎక్కడంటే, మొదటి రోజు కాస్త వాంతులు, నీరసం తప్ప పెద్దగా ఏమీ కనబడదు. మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. తర్వాత రెండు మూడు రోజులకి కళ్లు పచ్చబడతాయి. విరుగుడు మందుంది, ఎసిటైల్‌సిస్టీన్. అది ఎనిమిది గంటల్లోపు పడితే లివర్‌ను దాదాపు పూర్తిగా కాపాడుతుంది. అందుకే లెక్క తప్పిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

లెక్క ఎలా తప్పుతుందో మా ఇంట్లోనే చూశాం. అమ్మ డాలస్‌లో తమ్ముడి దగ్గరున్నప్పుడు ఫ్లూ వచ్చింది. ఇక్కణ్నుంచి తీసుకెళ్లిన 650 బిళ్లలు మూడు పూటలా వేసుకుంటోంది. వాటితో తగ్గలేదని అక్కడి షాపులో కొన్న జలుబు సిరప్ తాగుతోంది. పైగా పక్కింటి ఆవిడ ఇచ్చిన టైలెనాల్. మరదలు సిరప్ సీసా తిప్పి చదివితే ఎసిటమినోఫెన్ అని ఉంది. టైలెనాల్ మీదా అదే ఉంది. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. మూడు పేర్లతో మూడుచోట్ల నుంచి వచ్చిన ఒకే మందుని అమ్మ మూడు మందులనుకుంది. ఆ రోజు లెక్కేస్తే గీత దాటడానికి కాస్త దూరంలో ఉంది. అమెరికాలో ఉన్నట్టుండి లివర్ ఫెయిలయ్యే కేసుల్లో అన్నింటికన్నా ఎక్కువ ఈ మందు వల్లే. వాటిలో దాదాపు సగం ఇలా తెలియక జరిగేవే. పిల్లల దగ్గరికి విమానమెక్కే అమ్మానాన్నల సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన మందుల సంచీ కూడా ఉంటుంది కదా, ఈ ఒక్క సంగతి రాసి అందులో పెట్టండి.

వానాకాలం వస్తే ఇంకో టెన్షన్, డెంగీ. అందులో రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. షాపులో "జ్వరం బిళ్ల" అని అడిగితే పారాసెటమాల్‌తో ఐబుప్రొఫెన్ కలిసినది చేతికొచ్చే వీలుంది. "పారాసెటమాల్, ఇంకేమీ కలవనిది" అని అడిగితే ఆ వీలు లేదు.

ఇంత రాశాక బిళ్లల మీద భయమే మిగిలితే నాకు బాధ. ఎందుకంటే పాత మందులు చేసే మేలు కూడా అంతే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆస్పిరిన్‌నే చూడండి. 1899 నుంచి అమ్ముతున్న నొప్పుల మందు. కాలిఫోర్నియాలో లారెన్స్ క్రేవెన్ అనే డాక్టరు గొంతులో టాన్సిల్స్ ఆపరేషన్ అయిన తన రోగుల్లో కొందరికి రక్తం ఆగకపోవడం గమనించాడు. వాళ్లంతా నొప్పి కోసం ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ తెగ నమిలినవాళ్లు. రక్తం గడ్డకట్టకుండా చేస్తోందంటే, గుండెపోటును ఆపదా అని ఆయనకి తట్టింది. 1950లో దాని గురించి రాశాడు. పెద్దవాళ్లెవరూ పట్టించుకోలేదు. 1988లో పదిహేడు వేల మందికి పైగా గుండెపోటు రోగుల మీద జరిగిన పరీక్షలో తేలిందేమిటంటే, పోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టి నెల రోజులు ఇచ్చిన చిన్న మోతాదు ఆస్పిరిన్ మరణాలను 23 శాతం తగ్గించింది. పైసల్లో దొరికే బిళ్ల!

అదే బిళ్ల మా పక్కింటి బాబాయిగారిని ఆస్పత్రి పాలు చేసింది. ఆయన స్నేహితుడికి స్టెంటు వేశాక 75 ఆస్పిరిన్ రాశారు. "రక్తం పల్చబడితే మంచిదేగా" అని ఈయన కూడా మొదలుపెట్టారు, ఏ జబ్బూ లేకుండానే. ఏడాదిన్నరకి విరేచనం నల్లగా అవడం మొదలైంది. కడుపులో పుండు పడి రక్తం కారుతోంది. గుండెజబ్బు లేని డెబ్బై దాటిన పెద్దవాళ్లకి రోజూ ఆస్పిరిన్ ఇస్తే మేలు కనబడలేదని, రక్తస్రావాలు మాత్రం పెరిగాయని 2018లో ఆస్ట్రేలియా, అమెరికాల్లో పంతొమ్మిది వేల మంది మీద జరిగిన అధ్యయనం చెప్పింది. స్టెంటు ఉన్న స్నేహితుడికి ఆ బిళ్ల ప్రాణం. ఆయన తనంతట తాను మానేస్తే ప్రమాదం. బాబాయిగారికి అది మొదలుపెట్టడమే ప్రమాదం. "గుండె బిళ్ల" అన్న పేరు ఇద్దరి మధ్యా ఉన్న ఈ తేడాను చెప్పలేకపోయింది.

జబ్బు పేరుతో మందును పిలవడంలో ఇంకో చిక్కుంది. మా పెద్దనాన్న మనవరాలికి పీసీఓడీ, నెలసరి గాడి తప్పించే హార్మోన్ల సమస్య. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాసింది. ఫ్రాన్సులో 1957 నుంచి షుగర్‌కి వాడుతున్న మందది. ఇన్సులిన్ సరిగా పనిచేసేలా చూస్తుంది కాబట్టి పీసీఓడీ ఉన్న ఆడపిల్లల్లో నెలసరి గాడిన పడటానికీ ఇస్తారు. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లలో ఒకావిడ ఫ్రిజ్ మీద ఆ షీటు చూసింది. "పిల్లకి షుగరంట" అన్న మాట రెండు రోజుల్లో చుట్టాలందరికీ పాకింది. పిల్ల ఏడ్చి మందు మానేసింది. తలనొప్పికి రాసిన ప్రొప్రనలాల్‌ని చూసి గుండెజబ్బు దాచారన్న ఇంటివాళ్లున్నారు. నరాల నొప్పికి రాత్రిపూట చిన్న మోతాదులో ఇచ్చిన అమిట్రిప్టిలిన్‌ని ఫోన్‌లో వెతికి "డాక్టరు నాకు పిచ్చనుకుంటున్నాడా?" అని మందు కాలవలో పారేసిన మా దూరపు మావయ్య ఉన్నారు. పేరుతో పాటు "ఇది మీకెందుకు" అన్న ఒక్క వాక్యం కూడా రావాలి. లేకపోతే మేలు చేసే మందు సైతం మూలన పడుతుంది.

ఇప్పుడు దొడ్డమ్మ సంగతి చెబుతాను. ఇది రాయడానికి అసలు కారణం ఆవిడే.

దొడ్డమ్మకి కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయే రకం. మెథోట్రెక్సేట్ రాశారు. ఆ మందు వెనక మన భీమవరం ఉంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదువుకునే రోజుల్లో ఇద్దరు సోదరులు రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకి అది మందు. అక్కడితో ఆగకుండా ఫోలిక్ యాసిడ్‌లా నటించి కణాల పెరుగుదలను అడ్డుకునే మందులనూ అక్కడే చేశారు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని రక్త క్యాన్సరున్న పసిపిల్లలకి ఇస్తే కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి ఆశే లేదు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. క్యాన్సర్ కోసం పుట్టిన మందు చాలా చిన్న మోతాదులో సోరియాసిస్‌కి, కీళ్లవాతానికి పనిచేస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు కీళ్లవాతానికి ప్రపంచమంతా ముందు రాసేది అదే.

కానీ వారానికి ఒక్కరోజే. మిగతా రోజుల్లో పక్కప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్ బిళ్ల ఇస్తారు. సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టిన రెండూ ఇలా ఒకే కవర్లో కలుస్తాయి. దొడ్డమ్మకి వచ్చిన రెండు బిళ్లలూ పసుపు రంగువి, చిన్నవి, గుండ్రటివి. రెండు షీట్లనూ కత్తిరించి ఒకే కవర్లో వేశారు. పేరున్న కొసలు షాపులో ఉండిపోయాయి. కవరు మీద పెన్నుతో ఒక దానికి "1", ఇంకో దానికి "5" అని వారంలో ఎన్ని రోజులో రాసి ఉంది. దొడ్డమ్మ వారానికి ఒకసారి ఫోలిక్ యాసిడ్, మిగతా రోజుల్లో మెథోట్రెక్సేట్ వేసుకుంది. రెండో వారానికి నోరంతా పుండ్లు. మంచినీళ్లు మింగలేకపోయింది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మెథోట్రెక్సేట్‌కి విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచి బతికించారు. అయిదో క్లాసు దాకా చదువుకుంది దొడ్డమ్మ. రోజూ పేపరు చదువుతుంది. ఆ కవరు మీద తెలుగులో "మెథోట్రెక్సేట్, ఆదివారం మాత్రమే" అని రాసి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఈ పొరపాటు మన దగ్గరే కాదు, యూరప్‌లోనూ ప్రాణాలు తీసింది. 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి పొరపాట్లు జరగకుండా కొత్త జాగ్రత్తలు చెప్పింది. వారంలో ఏ రోజు వేసుకోవాలో రాసివ్వాలన్నది వాటిలో ఒకటి.

మా డబ్బాలో ఉన్న షీట్లన్నీ తిరగేశాను. ఒక్కదాని మీదా తెలుగక్షరం లేదు. నాన్న పొలానికి కొట్టే పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితంలో తెలుగుంటుంది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో విషం ఎంత తీవ్రమైనదో చెప్పే గుర్తుంటుంది. చట్టమే అలా ఉండాలంటుంది. పురుగుకి కొట్టేదానికి ఉన్న మర్యాద మనిషి మింగేదానికి లేదెందుకు? ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని 2023 ఆగస్టు నుంచి నిబంధన ఉంది. మంచిదే. కానీ నాలుగు బిళ్లలు కొనుక్కునేవాళ్లకి షీటులో ఏ ముక్క వస్తుందో ఎవరికి తెలుసు?

షీటు కత్తిరించొద్దని నేను అనను. పూర్తి షీటు కొనే డబ్బు ఉండని చేతులు మన ఊళ్లలో ఎన్నో. ఆరెంపీలను తిట్టడం కూడా నాకిష్టం లేదు. రాత్రి పదకొండింటికి తలుపు తట్టగానే వచ్చేది ఆయనే. నేనడిగే పనికి అర నిమిషం పడుతుంది: కవరు మీద మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, దేనికోసం, ఎప్పుడు. తెలుగులో. పేర్లు తెలిస్తే జనం గూగుల్‌లో చదివి భయపడతారని ఒక డాక్టరు నాతో అన్నారు. నిజమే, మా మావయ్య అలాగే భయపడ్డారు. కానీ ఆ రాత్రి నాన్న విషయంలో షాపు తెరిచేదాకా, పచ్చ బిళ్ల ఏమిటో తెలిసేదాకా ఒక రాత్రంతా పోయింది. భయపడేవాళ్లకి ఇంకో రెండు మాటలు చెప్పి ధైర్యమివ్వొచ్చు. ఏమీ తెలియనివాళ్లు డాక్టరుకి సాయం చేయలేరు.

నాన్న తేరుకున్నారు. పచ్చ బిళ్ల, ఇంజెక్షన్ ఆపేశారు. బీపీ మందును కొన్నాళ్లు ఆపి, నీరు పోయేది తీసేసి మళ్లీ మొదలుపెట్టారు. ఆరు వారాలకి క్రియాటినిన్ 1.3కి వచ్చింది. మోకాళ్లు నొప్పి పెడుతూనే ఉన్నాయి. పొద్దున వ్యాయామం, సాయంత్రం కాపడం, మరీ భరించలేనప్పుడు పారాసెటమాల్. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కడం లేదు, మంచం కిందికి మార్చాం.

డబ్బాలో ఇప్పుడొక చిన్న నోటుబుక్కు ఉంది. అమ్మ చేతిరాత. ఇంట్లో ఉన్న ప్రతి మందూ తెలుగులో, ఎవరిదో, దేనికో, ఎప్పుడు మొదలైందో. ఎక్కడికెళ్లినా సంచీలో వేసుకుంటుంది. పోయిన నెల నేనూ వెంట వెళ్లాను. షాపబ్బాయి కత్తెర తీసుకుని అలవాటుగా పేరు లేని వైపు కత్తిరించబోయాడు.

"పేరున్న వైపు ఇవ్వు బాబూ," అంది అమ్మ.

"అలా ఇచ్చేస్తే మిగిలిన ముక్క ఎవరూ కొనరు మామ్మగారూ."

"అయితే కవరు మీద రాసివ్వు. తెలుగులో."

వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. అతను ఒక్క క్షణం ఆగి పెన్ను తీశాడు. "పాంటాప్రజోల్ 40. గ్యాస్‌కి. పొద్దున, తినకముందు." అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. వెనకున్న ఆవిడ తన కవరు కూడా ముందుకు జరిపింది.